గంజి, హైపో, లాలాజలం: చర్యావేగాల కథ

ఒక రసాయన చర్య జరుగుతుందా, జరగదా అన్నది ఒక ప్రశ్న. జరిగేదే అయితే ఎంతసేపట్లో జరుగుతుంది అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి సమాధానం తెలిసినంత మాత్రాన రెండవదానికి తెలిసినట్లు కాదు. వజ్రం కంటే గ్రాఫైటు స్థిరమైన రూపమని శాస్త్రం నిర్ద్వంద్వంగా చెబుతుంది. అయినా ముక్కుపుడకలోని రవ్వ రేపో మాపో పెన్సిలు ముల్లుగా మారిపోతుందని ఎవరూ దిగులు పడనక్కరలేదు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఆ మార్పు వేగం దాదాపు శూన్యం. అన్నంలోని పిండిపదార్థం నీటితో కలిసి చక్కెరగా విడిపోవడం కూడా ఇటువంటిదే. సూక్ష్మజీవులు చేరకుండా కాపాడగలిగితే, నీళ్లు పోసి ఉంచిన అన్నం ఎంతకాలమైనా పిండిపదార్థంగానే మిగిలి ఉంటుంది. ఆ అన్నపు ముద్దనే నోట్లో ఉంచుకుని కొద్ది నిమిషాలు నిదానంగా నమిలితే తియ్యబడుతుంది. చర్య అదే, మారినది వేగం మాత్రమే.

రసాయన చర్యల వేగాన్ని కొలిచి, ఆ వేగం దేనిమీద ఆధారపడుతుందో విచారించే శాస్త్రశాఖకు చర్యాగతిశాస్త్రమని పేరు. ఈ వ్యాసంలో ఆ శాస్త్రాన్ని రెండు పదార్థాల ద్వారా పరిచయం చేయదలచాను. ఒకటి హైపో అని వాడుకలో ఉన్న సోడియం థయోసల్ఫేటు. ఇది నిరింద్రియ క్షయకరణి. రెండవది మన లాలాజలంలోని అమైలేజు. ఇది జీర్ణక్రియకు చెందిన ఎంజైము. ఎక్కడి ఫోటోస్టూడియో, ఎక్కడి నోరు అని పాఠకులకు తోచవచ్చు. ఈ రెండింటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. గంజిలో అయొడిన్ చుక్క వేస్తే వచ్చే ముదురు నీలిరంగును రెండూ మాయం చేయగలవు. అయితే ఆ రెండు మాయల వెనుక ఉన్న కారణాలకు పోలిక లేదు. వాటిని ఒకటిగా పొరబడితే బడిపిల్లల విజ్ఞాన ప్రదర్శనలో బహుమతి పోవడంతో సరిపోవచ్చు. ఒక్కొక్కప్పుడు ఇంట్లోని పెద్దవారి మధుమేహ పరీక్ష కూడా తప్పుదారి పడుతుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

హైపో సంగతి

ఒక తరం క్రితం వరకు ఏ ఊరి ఫోటోస్టూడియోకు వెళ్లినా చీకటిగదిలో హైపో తొట్టె కనిపించేది. ఫిల్ము మీద వెలుతురు తగలని వెండి లవణాలను కరిగించి, బొమ్మను స్థిరపరచడం దాని పని. ఈ ద్రావకం వెండి లవణాలను కరిగిస్తుందని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ 1819లో కనిపెట్టాడు. 1839లో ఫోటోగ్రఫీకి దానిని అన్వయించాడు. నేడు చీకటిగదులు అరుదైపోయాయి. అయినా కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించడానికి చేపలతొట్టెల దుకాణాల్లో అమ్మే ద్రవాలలో చాలావాటిలో ఉండేది ఇదే. అయొడిన్‌ను, క్లోరిన్‌ను క్షయకరించడం దీని సహజగుణం.

క్షయకరణి అంటే ఎలక్ట్రాన్లను దానం చేసే పదార్థం. హైపో అణువులు రెండు కలిసి ఒక అయొడిన్ అణువుకు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తాయి. అయొడిన్ రంగులేని అయొడైడు అయానుగా మారుతుంది. హైపో టెట్రాథయొనేటుగా మారుతుంది. ఇచ్చినవారి చేతిలో మళ్లీ ఇవ్వడానికేమీ మిగలదు. లెక్క చాలా ఖచ్చితం: ఒక గ్రాము అయొడిన్‌ను తుడిచిపెట్టడానికి సుమారు రెండు గ్రాముల హైపో స్ఫటికాలు కావాలి. పైగా ఈ చర్య మన కంటికి తత్‌క్షణమే జరిగినట్లు కనిపిస్తుంది. చుక్క పడీ పడకముందే రంగు పోతుంది. ఇంత వేగమైన చర్యను గడియారం పట్టుకుని కొలవలేము. కనుక చర్యావేగ పాఠానికి బడుల్లో హైపో చేసే మరొక చర్యను, అనగా ఆమ్లంతో దాని చర్యను, ఎంచుకుంటారు.

హైపో ద్రావణంలో సజల హైడ్రోక్లోరికామ్లం కలిపితే మొదట ఏమీ జరిగినట్లు ఉండదు. కొంతసేపటికి ద్రావణం పాలనీళ్లలా మసకబారి, క్రమంగా లేత పసుపు రంగుకు తిరుగుతుంది. విడివడిన గంధకపు సూక్ష్మకణాలే ఆ మసకకు కారణం. వాటితోపాటు సల్ఫర్ డయాక్సైడు వాయువు కూడా కొద్దిగా వెలువడుతుంది. అందుచేత ఈ ప్రయోగం గాలి ఆడే ప్రయోగశాలలో, ఉపాధ్యాయుని సమక్షంలోనే చేయాలి. ఉబ్బసం ఉన్నవారు దూరంగా ఉండడం మంచిది.

వేగాన్ని కొలిచే ఉపాయం సులువైనది. తెల్లకాగితం మీద సిరాతో ఇంటూ గుర్తు గీసి, దానిపై గాజు పాత్రను ఉంచుతారు. ఆమ్లం కలిపిన క్షణం నుంచి, పైనుంచి చూస్తే ఆ గుర్తు కనబడకుండా పోయేవరకు పట్టిన కాలాన్ని సెకన్లలో లెక్కిస్తారు. ఇందులోని తర్కాన్ని పిల్లలు తరచు దాటవేస్తారు కనుక ఇక్కడ కొంత నిలిచి చూద్దాం. గుర్తును కప్పివేయడానికి ప్రతిసారీ ఇంచుమించు అంతే గంధకం కావాలి. పాత్ర మారనంతవరకు, ద్రవం లోతు మారనంతవరకు ఈ మాట నిజం. అంటే ప్రతిసారీ మనం కొలుస్తున్నది సమానమైన పని పూర్తికావడానికి పట్టిన కాలం. నూరు బస్తాలు మోయడానికి ఒకనికి రెండు గంటలు, మరొకనికి నాలుగు గంటలు పడితే, మొదటివాని వేగం రెండింతలని వేరే చెప్పాలా? కాలం, వేగం విలోమానుపాతంలో ఉంటాయి.

ఇప్పుడు 50 మిల్లీలీటర్ల హైపో ద్రావణానికి 5 మిల్లీలీటర్ల ఆమ్లం చేర్చినప్పుడు గుర్తు మాయం కావడానికి 40 సెకన్లు పట్టిందనుకుందాం. రెండవసారి 25 మిల్లీలీటర్ల హైపోకు 25 మిల్లీలీటర్ల నీరు చేర్చి, ఆమ్లం మాత్రం అంతే వేద్దాం. మొత్తం ద్రవం మారలేదు, లోతు మారలేదు. హైపో గాఢత సగమైంది. ఈసారి సుమారు 80 సెకన్లు పడుతుంది. గాఢత సగమైతే వేగం సగం. నాలుగవ వంతైతే వేగం నాలుగవ వంతు. ఈ విధంగా వేగం గాఢతకు సూటిగా అనుపాతంలో ఉంటే, ఆ పదార్థం దృష్ట్యా అది ప్రథమక్రమాంక చర్య అంటారు. ఆమ్లపు పాత్ర ఇంత సూటిగా ఉండదు. ఆ చర్చ పైతరగతులకు వదలిపెట్టవచ్చు.

ఉష్ణోగ్రత ప్రభావం ఇంకా ఆశ్చర్యకరం. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఇటువంటి చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని స్థూలంగా చెబుతారు. ఆ లెక్కన 20 డిగ్రీల వద్ద 160 సెకన్లు పట్టినది 50 డిగ్రీల వద్ద 20 సెకన్లలోనే ముగియాలి. దీనికి కారణాన్ని 1889లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆరీనియస్ వివరించాడు. అణువులు ఢీకొన్నంత మాత్రాన చర్య జరగదు; ఒక నిర్ణీతమైన శక్తిగడపను దాటగలిగిన అణువులకే ఆ యోగం ఉంటుంది. వేడి పెరిగినప్పుడు అణువుల సగటు శక్తి స్వల్పంగానే పెరుగుతుంది. కాని గడప దాటగలిగిన అణువుల సంఖ్య అనేక రెట్లు పెరుగుతుంది.

గడియారంగా మారిన హైపో

చర్యావేగాన్ని గణితసూత్రంగా మొదట రాసినవాడు జర్మనీకి చెందిన విల్హెల్మీ. 1850లో ఆయన చెరకు చక్కెర ఆమ్లంలో విడిపోయే వేగాన్ని కొలిచాడు. ఆ పని చాలాకాలం ఎవరి కంటా పడలేదు. తరువాత 1860ల దశకంలో ఆక్స్‌ఫర్డులో వెర్నన్ హార్కోర్టు అనే రసాయనజ్ఞుడు, విలియం ఎస్సన్ అనే గణితజ్ఞుడు కలిసి చేసిన ప్రయోగాలు నాకు మిక్కిలి ఇష్టమైనవి. హార్కోర్టు పనిచేసిన క్రైస్ట్ చర్చ్ కళాశాలలోనే, ఆలిస్ కథలు రాసిన లూయీ కెరోల్ గణితం బోధించేవాడు.

హైడ్రోజన్ పెరాక్సైడు, అయొడైడు లవణం ఆమ్లద్రావణంలో కలిస్తే అయొడిన్ నెమ్మదిగా విడుదలవుతుంది. ఆ వేగాన్ని కొలవాలి. వారు ద్రావణంలో కొంచెం గంజి, దానితోపాటు కొలిచిన కొద్దిపాటి హైపో చేర్చారు. పుట్టిన అయొడిన్‌ను పుట్టినట్లే హైపో మింగివేస్తుంది. కనుక రంగు రాదు. హైపో చివరి కణం ఖర్చయిన మరుక్షణం అయొడిన్ మిగిలి, గంజి ఒక్కసారిగా నీలమవుతుంది. వెంటనే మరొక కొలత హైపో వేస్తారు, రంగు పోతుంది, మళ్లీ నిరీక్షణ. ఒక నీలిమకు, మరొక నీలిమకు మధ్య గడిచిన కాలమే వారికి కావలసిన కొలత. పెరాక్సైడు తరిగేకొద్దీ ఆ విరామాలు క్రమపద్ధతిలో పొడవవుతాయి.

ఇందులో మరొక సొగసు ఉంది. హైపో అయొడిన్‌ను తిరిగి అయొడైడుగా మార్చివేస్తున్నది కనుక అయొడైడు గాఢత తరగదు. తరిగేది పెరాక్సైడు ఒక్కటే. అంటే రెండు పదార్థాల చర్యలో ఒకదానిని కదలకుండా పట్టి ఉంచి, రెండవదాని ప్రభావాన్ని మాత్రమే చూడగలిగారు. ఏ కాలపు ప్రయోగానికైనా ఇంతకంటే మంచి నమూనా ఏముంటుంది?

నోటిలోని ఎంజైము

లాలాజలం పిండిపదార్థాన్ని మారుస్తుందని 1831లోనే లాయిక్స్ అనే జర్మను రసాయనజ్ఞుడు గమనించాడు. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సో అనే ఇద్దరు మొలకెత్తిన బార్లీగింజల నుంచి అదే పని చేసే పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజు అని పేరు పెట్టారు. ఎంజైము అనే మాట మరికొంత కాలానికి, 1877లో, క్యూన అనే జర్మను శరీరధర్మ శాస్త్రజ్ఞుని వలన వచ్చింది.

పిండిపదార్థం అంటే వందల, వేల గ్లూకోజు అణువులను దండగా గుచ్చిన మహాణువు. ఆ దండలోని ఒక రకం తీగ సర్పిలంగా చుట్టుకుని ఉంటుంది. అయొడిన్ ఆ సర్పిలంలో దూరి కూర్చుంటేనే నీలిరంగు పుడుతుంది. అమైలేజు ఈ దండను మధ్యమధ్య తెంపుతుంది. ముక్కలు చిన్నవయ్యేకొద్దీ అయొడిన్‌కు నిలువనీడ తగ్గుతుంది. నీలం ఊదాగా, ఊదా ఎర్రని గోధుమరంగుగా మారి, చివరకు అయొడిన్‌కు సహజమైన పసుపురంగే మిగులుతుంది. అప్పటికి పాత్రలో ఉండేది ప్రధానంగా మాల్టోజు అనే చక్కెర, కొన్ని పొట్టి ముక్కలు. వాటిని గ్లూకోజుగా విడగొట్టే పని చిన్నప్రేగు గోడలలోని వేరే ఎంజైములది.

ఈ ప్రయోగం ఇంట్లోనే పిల్లలతో చేయించవచ్చు. వంద మిల్లీలీటర్ల నీటిలో ఒక గ్రాము మొక్కజొన్న పిండి కలిపి కాచి చల్లార్చాలి. నోరు పుక్కిలించి శుభ్రం చేసుకున్నాక, కొంచెం మంచినీరు నోట్లో ఒక నిమిషం ఉంచుకుని చిన్న గిన్నెలోకి తీసుకుంటే కావలసిన ఎంజైము సిద్ధం. ఎవరి గిన్నె వారే కడుక్కోవాలి. తెల్ల పింగాణి పళ్లెంలో మందుల దుకాణంలో దొరికే టింక్చరు అయొడిన్‌ను నీటితో పలుచన చేసి, వరుసగా చుక్కలు పెట్టుకోవాలి. గోరువెచ్చని గంజిలో లాలాజలం కలిపి, అర నిమిషానికొకసారి ఒక చుక్క తీసి అయొడిన్ చుక్కపై వేస్తూ పోవాలి. అయొడిన్‌ను గంజిలోనే కలపరాదు. అది ఎంజైమునే దెబ్బతీస్తుంది. కాచి చల్లార్చిన లాలాజలంతో ఇదే ప్రయోగం మరొక గిన్నెలో జరపాలి. అక్కడ చివరి చుక్క కూడా నీలంగానే ఉంటుంది.

ఇప్పుడు హైపోకు వేసిన ప్రశ్ననే ఎంజైముకూ వేద్దాం. గంజి గాఢత రెండింతలు చేస్తే వేగం రెండింతలవుతుందా? పలుచని గంజిలో ఇంచుమించు అవుతుంది. చిక్కబడేకొద్దీ ఆ పెరుగుదల మందగించి, ఒక స్థాయి తరువాత ఎంత గంజి పోసినా వేగం పెరగదు. హైపోలో లేని ఈ హద్దు ఇక్కడెందుకు వచ్చింది?

మన సంఘం ఉగాది విందునే తీసుకోండి. వడ్డించేవారు నలుగురు. ఒక్కొక్క పళ్లెం నింపడానికి పావు నిమిషం పడుతుంది. అతిథులు నిమిషానికి ఇద్దరు వస్తే నిమిషానికి రెండు పళ్లేలే నిండుతాయి. నలుగురు వస్తే నాలుగు. కాని వరుసలో రెండువందలమంది నిలబడినా నిమిషానికి పదహారు పళ్లేలకు మించి నిండవు. అక్కడ వేగాన్ని నిర్ణయించేది అతిథుల సంఖ్య కాదు, గరిటెల సంఖ్య. ఎంజైము అణువు గరిటె పట్టినవాడు. ఒక పిండిపదార్థపు తీగను పట్టుకుని, తెంపి, వదలి, మరొకదానిని అందుకుంటాడు. తాను ఖర్చు కాడు. హైపో అలా కాదు. అది విందులోని కాగితపు పళ్లెం వంటిది. ఒకరు వాడితే అయిపోయినట్లే.

ఈ బొమ్మను సూత్రంగా మలిచే ప్రయత్నం 1903లో ప్యారిస్‌లో విక్టర్ ఆన్రీ చేశాడు. 1913లో బెర్లినులో లియొనార్ మికాయెలిస్, మాడ్ మెంటెన్ దానిని స్థిరపరచారు. మెంటెన్ కెనడాకు చెందిన వైద్యురాలు. పరిశోధన కోసం సముద్రాలు దాటి వెళ్లిన మహిళలు వేళ్లమీద లెక్కించదగిన కాలమది. వారి సూత్రం సారాంశం ఇది: ప్రతి ఎంజైముకు ఒక గరిష్ఠవేగం ఉంటుంది. ఆ గరిష్ఠవేగంలో సరిగా సగం వేగం రావడానికి ఎంత గాఢత కావాలో, ఆ గాఢతకు మికాయెలిస్ స్థిరాంకమని పేరు. స్థిరాంకం చిన్నదైతే ఎంజైము పలుచని ద్రావణంలో కూడా తన పదార్థాన్ని చురుకుగా పట్టుకుంటుందని అర్థం. ఒక చిన్న గణితం చూడండి. గరిష్ఠవేగంలో పదిశాతం రావాలంటే స్థిరాంకంలో తొమ్మిదవ వంతు గాఢత చాలు. తొంభైశాతం రావాలంటే స్థిరాంకానికి తొమ్మిది రెట్లు కావాలి. అంటే వేగం తొమ్మిది రెట్లు పెరగడానికి గాఢత ఎనభైయొక్క రెట్లు పెరగాలి.

ఉష్ణోగ్రత విషయంలోనూ దారులు వేరు. హైపో, ఆమ్లాల చర్య వేడిచేసేకొద్దీ వేగం పుంజుకుంటూనే పోతుంది. ఎంజైము ఒక మాంసకృత్తు. శరీర ఉష్ణోగ్రత దాటి కొంతదూరం వెళ్లేసరికి దాని మడతలు విడిపోయి, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగ పనికిరాకుండా పోతుంది. ఆమ్లం కూడా దానికి పడదు. లాలాజల అమైలేజుకు దాదాపు తటస్థమైన ద్రావణం కావాలి. జఠరరసపు పులుపులో అది నిలవదు. అయితే మింగిన ముద్ద లోపలికి ఆమ్లం చేరడానికి కొంత సమయం పడుతుంది కనుక, అంతవరకు ముద్ద మధ్యలో పని సాగుతూనే ఉంటుంది. మిగిలిన పనిని చిన్నప్రేగులో క్లోమపు అమైలేజు పూర్తిచేస్తుంది. అమైలేజుకు క్లోరైడు అయాను తోడు కావాలన్నది కూడా నిజమే. అంతమాత్రాన అన్నంలో ఉప్పెక్కువ వేసుకోవడానికి దీనిని సాకు చేసుకోవద్దు. లాలాజలంలో కావలసినంత క్లోరైడు సహజంగానే ఉంది.

లాలాజల అమైలేజుకు చెందిన జన్యువు ప్రతులు అందరిలో ఒకే సంఖ్యలో ఉండవు. పిండిపదార్థం ఎక్కువగా తినే జనసమూహాలలో ఆ ప్రతులు సగటున ఎక్కువగా ఉన్నాయని 2007లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది.

ఈ గతిశాస్త్రం మందుల పెట్టెలోకి కూడా వచ్చింది. అకార్బోజు అనే మధుమేహపు మందు 1995లో అమెరికాలో ఆమోదం పొందింది. చిన్నప్రేగు గోడలోని చక్కెరలను విడగొట్టే ఎంజైములకు ఇది అడ్డుపడుతుంది. విందు ఉపమానంలో చెప్పాలంటే, పళ్లెం పట్టకుండా వడ్డించేవానితో కబుర్లు పెట్టుకున్న పెద్దమనిషి వంటిది. భోజనం ఆగదు, ఆలస్యమవుతుంది. తిన్న అన్నం నుంచి గ్లూకోజు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. దీని పర్యవసానం ఒకటి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. ఈ మందుతోపాటు ఇన్సులిన్ వంటివి వాడే వ్యక్తికి రక్తంలో చక్కెర పడిపోతే, కంగారులో పంచదార నోట్లో పోస్తాం. పంచదారను విడగొట్టే ఎంజైముకే మందు అడ్డుగా ఉంది కనుక అది సమయానికి అక్కరకు రాదు. అటువంటివారికి గ్లూకోజే ఇవ్వాలి. గ్లూకోజు బిళ్లలు ఇంట్లో ఎక్కడున్నాయో అందరికీ తెలియాలి.

రెండు మాయలు, ఒక చిక్కు

ఇక మొదట చెప్పిన చిక్కుకు వద్దాం. రెండు గిన్నెలలో గంజి పోసి, ఒకదానిలో లాలాజలం, రెండవదానిలో హైపో వేసి, నిమిషం నిమిషం చుక్క తీసి పలుచని అయొడిన్‌పై వేస్తూ పోయామనుకోండి. లాలాజలం గిన్నెలో నీలం క్రమంగా తగ్గుతుంది. హైపో గిన్నెలో తొలి చుక్క నుంచే నీలం లేదు. కాగితం మీది ఫలితం మాత్రమే చూసేవానికి ఏమి తోస్తుంది? హైపో పిండిపదార్థాన్ని లాలాజలం కంటే వేగంగా జీర్ణం చేస్తుందని తోస్తుంది. హైపోకు బదులు నిమ్మరసమో, విటమిన్ సి బిళ్లో వేసినా ఇదే భ్రమ. అవి కూడా అయొడిన్‌ను క్షయకరిస్తాయి. నిమ్మరసం పిండిని అరిగిస్తుందని విజ్ఞాన ప్రదర్శనలో నిరూపించబోయే పిల్లలు పడే గోతి ఇదే.

నిజం తేల్చడం కష్టం కాదు. రంగుపోయిన ప్రతి చుక్కపైనా మరికొన్ని అయొడిన్ చుక్కలు వేయండి. హైపో చుక్కలో, ఉన్న హైపో ఖర్చయిపోగానే నీలం తిరిగివస్తుంది. ఎందుకంటే గంజి చెక్కుచెదరలేదు, పోయినది అయొడిన్ మాత్రమే. లాలాజలం చుక్కలో ఎంత అయొడిన్ వేసినా పసుపురంగు ముదురుతుందే తప్ప నీలం రాదు. అక్కడ పోయినది గంజి. రెండవ పరీక్షగా ఆ గిన్నెలలో కొత్త గంజి పోసి చూడండి. లాలాజలం గిన్నెలో చుక్కలు మొదట నీలంగా ఉండి మళ్లీ క్రమంగా వెలిసిపోతాయి. గరిటెలు అలాగే ఉన్నాయి కదా.

రంగు ఆలస్యమైతే

రంగు పోవడమే కాదు, రావడంలో ఆలస్యం కూడా ఒక సాక్ష్యమే. ఈ మాటకు మనవాడే ఉదాహరణ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేటును ఆమ్లద్రావణంలో మాలిబ్డేటుతో కలిపి, తగిన క్షయకరణిని చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతను బట్టి ఫాస్ఫేటు ఎంతుందో తెలుస్తుంది. దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా జీవరసాయన శాలలలో ఈ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగానే చెలామణి అయింది.

కండరాల సారంతో ఈ పరీక్ష చేసినప్పుడు వారికొక విచిత్రం కనబడింది. రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆగి ఆగి, నెమ్మదిగా ముదిరింది. మరొకరైతే సీసాలు సరిగా కడగలేదనుకుని ఊరుకునేవారేమో! వారు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో స్వేచ్ఛగా ఉందని అందరూ అనుకున్న ఫాస్ఫేటులో పెద్దభాగం నిజానికి క్రియేటిన్‌తో ముడిపడి ఉంది. పరీక్షలో వాడిన ఆమ్లంలో ఆ బంధం నెమ్మదిగా తెగుతూ ఉంటే, తెగిన మేరకే రంగు వస్తున్నది. ఈ విధంగా 1927లో ఫాస్ఫోక్రియేటిన్ లోకానికి తెలిసింది. కండరపు బలానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న దానితో కొత్త దారి పట్టింది. ఒక చర్య వేగం మీద దృష్టి పెట్టినందువలన దొరికిన అణువు అది. సుబ్బారావుగారు ఈ దేశంలోనే ఎన్నో మందులకు ఊపిరి పోసి, 1948లో కన్నుమూశారు. ఆయన పేరు తలచేటప్పుడు మందులను తలచినంతగా ఈ నీలిరంగును మనవారు తలవరు.

మధుమేహ పరీక్షలో క్షయకరణి

పాతతరంవారికి బెనెడిక్ట్ ద్రావకం గుర్తుండే ఉంటుంది. నీలంగా ఉన్న రాగి ద్రావకంలో కొన్ని మూత్రపు చుక్కలు వేసి స్పిరిటు దీపంపై కాచేవారు. నీలం నిలిస్తే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, ఇటుకరంగు వస్తే అంతకంతకు ఎక్కువ. గ్లూకోజు క్షయకరణి కనుక రాగిని క్షయకరించి రంగు మారుస్తుందన్నది సూత్రం. అయితే విటమిన్ సి కూడా క్షయకరణే కదా! ఆ బిళ్లలు ఎక్కువగా మింగినవారి మూత్రం, చక్కెర లేకపోయినా ఉన్నట్లు చూపగలదు.

1956లో వచ్చిన కాగితపు పట్టీలు ఎంజైములతో పనిచేస్తాయి. గ్లూకోజ్ ఆక్సిడేజు గ్లూకోజును మాత్రమే గుర్తుపట్టి, హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. పెరాక్సిడేజు అనే రెండవ ఎంజైము ఆ పెరాక్సైడుతో ఒక రంగుపదార్థాన్ని ఆక్సీకరించి రంగు తెస్తుంది. ఎంజైము పొరబడదు కనుక చిక్కు తీరిందనుకున్నారు. కాని విటమిన్ సి ఇక్కడ ఎదురుదారిలో వస్తుంది. పుట్టిన పెరాక్సైడును అది తినివేస్తుంది, రంగు రాదు. హార్కోర్టు గిన్నెలో హైపో అయొడిన్‌ను మింగినట్లే. ఫలితంగా చక్కెర ఉన్నా పట్టీ లేదని చెబుతుంది. ఒకే బిళ్ల, పాత పరీక్షలో లేనిది ఉన్నట్లు, కొత్త పరీక్షలో ఉన్నది లేనట్లు చూపిందన్నమాట. ఆక్సీకరణ, క్షయకరణాల లెక్క తెలిసినవారికి ఇందులో వింత ఏమీ లేదు.

మూత్రపు పట్టీలలో రక్తం ఆనవాలు చూసే గడికి కూడా ఈ బెడద ఉంది. చర్మంపై అతికించుకునే కొన్ని గ్లూకోజు కొలమానాలలోనైతే ఇదే విటమిన్ అంకెను ఎక్కువ చేసి చూపగలదు. జలుబు వచ్చినప్పుడల్లా గ్రాముల లెక్కన విటమిన్ సి మింగే పెద్దలు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. పరీక్షకు వెళ్లేముందు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. ఇంట్లో వాడే పట్టీ డబ్బాపై ముద్రించిన హెచ్చరికలనూ చదవాలి.

కొందరు తయారీదారులు ఈ చిక్కుకు చేసిన పరిష్కారం చక్కగా ఉంది. పట్టీలోనే అయొడేటు లవణాన్ని ఒక పొరగా అమర్చారు. ఎంజైముల దాకా చేరకముందే విటమిన్ సి ఆ అయొడేటుతో చర్య జరిపి ఖర్చయిపోతుంది. దారిలోనే దాని ఎలక్ట్రాన్లన్నీ ఊడ్చివేసుకుంటే, తరువాత వచ్చే రంగు గ్లూకోజుదే అవుతుంది.